వాడిన వేగపుకారును ఎన్నుకొనుట

ఇంగ్లండులో కాపురముండు మన తెలుగు యువకులు నన్ను తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. “వేగముగా పోగలిగి, నాలుగు చక్రములకును ఇంజను బలము అందునట్టి చిన్న కారును, పాతదానిని, కొనదలచినాము. ఏది కొనుమందురు?” అని వారడుగుదురు. నేనొక కంపెనీ పేరును, ఒక సంవత్సరమును చెప్పుదునని వారి ఆశ. నేను మాత్రము, “ముందు నాలుగు టైర్లను చూచి రండు, పేరు మాట తరువాత” అందును. ఇది వారికి హాస్యముగా తోచును. ఇది హాస్యము కాదు. ఈ మాట నేర్చుకొనుటకు నేను చెల్లించిన వెల యెట్టిదో, దీనిని పాటించి నా మేనల్లుడు దేనిని తప్పించుకొనెనో ఈ ప్రసంగములో మనవి చేసెదను.

నేను మెకానిక్కును కాను. చిన్ననాట మా తాతగారు పశువుల సంతలో ఎద్దును కొను విధమును దగ్గర నిలిచి చూచినవాడను. ఆయన కొమ్ములకు పూసిన రంగును గాని, మెడలోని గంటలను గాని చూచెడివారు కారు. నోరు తెరచి పళ్ళు చూచెడివారు, గిట్టలు ఎత్తి చూచెడివారు, నాలుగడుగులు నడిపించెడివారు, కట్టకడపట అమ్మువాని ముఖము చూచెడివారు. పాత కారు కొనుటకు అంతకు మించిన శాస్త్రము నాకు తెలియదు. అయితే ఈ జాతి కారులో పళ్ళు ఎక్కడ నున్నవో, గిట్టలు ఎక్కడ నున్నవో తెలిసికొనవలెను. దానికై ముందుగా ఈ వస్తువు ఎట్టిదో కొంచెము విన్నవించెదను.

సామానుపెట్టె వెనుకకు పొడుచుకొని రాక, వెనుక అద్దముతో సహా తలుపు పైకి లేచునట్టి పొట్టి కారును హాచ్‌బ్యాక్ అందురు. పిల్లలను బడికి దింపుటకును, అంగడిసామాను తెచ్చుటకును ఏర్పడిన సంసారపు బండి యది. సాధారణముగా అట్టి బండిలో ఇంజను బలమంతయు ముందు చక్రములకే పోవును. నూరు, నూటయేబది అశ్వశక్తుల వరకు ఆ యేర్పాటు చక్కగా సాగును. అదే బండిలో మూడువందల అశ్వశక్తుల ఇంజనును పెట్టినచో, తడిరోడ్డుపై ముందు చక్రములు పట్టుదప్పి ఉన్నచోటనే గిరగిర తిరుగును. కారును లాగవలసినవియు, మలుపవలసినవియు ఆ రెండు చక్రములే యగుటచే రెండు పనులును చెడును. అందుచేత బలములో కొంత భాగమును వెనుక చక్రములకు కూడ పంపు ఉపాయమును కల్పించిరి.

ఈ ఉపాయము పందెముల నుండి వచ్చినది. 1980లో ఆడీ సంస్థ క్వాత్రో అను కారును తెచ్చి, మట్టిదారులలోను మంచుదారులలోను జరుగు ర్యాలీ పందెములకు నాలుగు చక్రముల నడక యెంత మేలో లోకమునకు చూపెను. 1986లో ఘోరమైన ప్రమాదములు జరిగిన పిమ్మట, మితిమీరిన బలము గల గ్రూప్ బి కార్లను ఆ పందెముల నుండి తొలగించిరి. 1987 నుండి గ్రూప్ ఎ కార్లు ప్రధానములయ్యెను. ఆ తరగతిలో పందెమునకు దిగవలెనన్నచో అట్టి కార్లను 5,000 తయారు చేయవలెనని నియమము. ఇటలీలోని లాంచియా సంస్థ డెల్టా అను తన సంసారపు హాచ్‌బ్యాక్‌నకు నాలుగు చక్రముల నడకను అమర్చి, 1987 మొదలు 1992 వరకు వరుసగా ఆరు సంవత్సరములు నిర్మాతల ప్రపంచ విజేతగా నిలిచెను. ఆ డెల్టా ఇంటెగ్రాలేయే ఈ జాతికి పెద్దన్న. 2002లో ఫోక్స్‌వాగన్ సంస్థ గోల్ఫ్ కారులో 3.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనును నిలిపి ఆర్ 32 అని పేరు పెట్టి అమ్మెను. గోల్ఫ్ ఆర్, ఆడీ ఎస్ 3, మెర్సిడెస్ ఎ 45, ఫోర్డ్ ఫోకస్ ఆర్ఎస్, టొయోటా జీఆర్ యారిస్ మొదలగునవియు ఈ జాతివే. నేడు పాతకార్ల అంగడిలో మన యువకులు వెదకునవి ఇవియే.

ఇక పనిచేయు విధము. గోల్ఫ్ ఆర్ వంటి కార్లలో ఇంజను అడ్డముగా ముందుభాగమున నుండును. అచ్చటి నుండి పొడవైన షాఫ్టు ఒకటి కారు పొట్టక్రిందుగా వెనుకకు పోవును. అది వెనుక ఇరుసును చేరుచోట నూనెలో మునిగిన పలుచని బిళ్ళల దొంతర యొకటి కలదు. దానిని కప్లింగు అందురు. స్వీడను దేశపు హాల్డెక్స్ సంస్థ దీనిని వృద్ధిపరచుటచే జనులు హాల్డెక్స్ అనియు వాడుకగా పిలుతురు. బిళ్ళలు ఒకదానినొకటి ఒత్తుకొనకున్నంత వరకు బలము దాదాపుగా ముందు చక్రములకే పోవును. చిన్న విద్యుత్ పంపు నూనెను ఒత్తిడితో పంపి బిళ్ళలను దగ్గరకు నొక్కగా వెనుక చక్రములు పనికి పూనుకొనును. ఎప్పుడు ఎంత నొక్కవలెనో కంప్యూటరు క్షణములో నిర్ణయించును. 2016 మొదలు 2018 వరకు తయారైన ఫోకస్ ఆర్ఎస్‌లో వెనుక చక్రమునకొకటి చొప్పున రెండు బిళ్ళల దొంతరలు గలవు. బలములో నూటికి 70 వంతుల వరకు వెనుకకు పంపి, దానిని కుడి యెడమల నెట్లైనను పంచగలదు. పాత లాంచియాలో ఇట్టి విద్యుత్ పంపు లేదు. దానిలో నాలుగు చక్రములకును బలము ఎల్లప్పుడును పోవుచుండును.

ఇచ్చట శ్రోతలు ఒక విషయమును గట్టిగా మనసున నుంచుకొనవలెను. నాలుగు చక్రముల నడక కారును కదలించుటకు తోడ్పడును; ఆపుటకు తోడ్పడదు. ప్రతి కారునకును బ్రేకులు నాలుగు చక్రములకును ఉండనే యున్నవి. మంచుదారిలో ఆగుట టైరు పట్టును బట్టి యుండును గాని, బలము ఎన్ని చక్రములకు పోవుచున్నదను దానిని బట్టి యుండదు. తేలికగా బయలుదేరగలిగిన కారు తేలికగా ఆగగలదని నమ్ముట ఈ బండ్లు కలిగించు మొదటి భ్రమ.

నేను చెల్లించిన వెలను గూర్చి చెప్పెదనంటిని. చాల సంవత్సరముల క్రిందట ఇట్టి కారు నొకదానిని నేను కొంటిని. దాని పేరు చెప్పుట అనవసరము. తప్పు నాది గాని, దానిని తయారు చేసినవారిది కాదు. రంగు నిగనిగలాడుచుండెను. లోపలి తోలు ఆసనములు కొత్తవానివలె నుండెను. ముందు రెండు టైర్లు సరిక్రొత్తవి. అమ్మువాడు వానిని చూపి, “చూడుడు, కొత్త టైర్లు కూడ వేయించితిని” అనగా నేను సంతోషించితిని. వెనుక టైర్లు వేరొక కంపెనీవి, బాగుగా అరిగినవి. చట్టమునకు లోబడియే యున్నవి గదా యని ఊరకుంటిని. నాలుగు నెలలు గడచునప్పటికి మలుపులలో కారు క్రింద నుండి మూలుగు వంటి ధ్వని బయలుదేరెను. పిమ్మట ఒక వర్షపు ఉదయమున వెనుక చక్రములు పనిచేయుట మానినవి. కప్లింగు విప్పిన మెకానిక్కు నల్లబడిన నూనెను, కాలిన బిళ్ళలను నాకు చూపెను. ఆ మరమ్మతుకైన సొమ్ము ఆ వేసవిలో మా కుటుంబము స్వదేశమునకు వచ్చుటకై కూడబెట్టినది. ఆ యేడు మా అమ్మను చూడలేకపోతిని.

కొత్త టైర్లు కారును చెడగొట్టుట యెట్లని మీరడుగవచ్చును. లెక్క చూడుడు. ఈ కార్లకు తరచుగా వేయు 235/35, 19 అంగుళముల టైరు కొత్తదైనప్పుడు దాని వ్యాసము సుమారు 647 మిల్లీమీటర్లు. అది కిలోమీటరు దూరములో సుమారు 492 చుట్లు తిరుగును. అదే టైరు 5 మిల్లీమీటర్లు అరిగినచో వ్యాసము 637 మిల్లీమీటర్లగును. అప్పుడు కిలోమీటరునకు సుమారు 500 చుట్లు తిరుగవలెను. అనగా ముందు కొత్త టైర్లు, వెనుక అరిగిన టైర్లు ఉన్న కారులో రెండు ఇరుసులును ప్రతి కిలోమీటరునకు ఎనిమిది చుట్ల తేడాతో తిరుగును. ముందు చక్రములు మాత్రమే లాగు కారులో ఈ తేడా ఎవరిని బాధింపదు. మన కారులో ఆ తేడాయంతయు బిళ్ళల నడుమ రాపిడియై, వేడియై, నూనెను కాల్చును. తిన్నని రోడ్డుపై మెల్లగా పోవుచున్నను, కంప్యూటరు చక్రము జారుచున్నదని భ్రమపడి బిళ్ళలను నొక్కవచ్చును. అందుచేత ఈ జాతి కార్లకు నాలుగు టైర్లును ఒకే కంపెనీవి, ఒకే రకమువి, ఇంచుమించు ఒకే అరుగుదల గలవి ఉండవలెను. టైర్లను ఈ విధముగా చూచుకొన్న యజమాని తక్కినవానిని కూడ చూచుకొనెనని తలపవచ్చును. రెండేసి టైర్లు మార్చి డబ్బు మిగిల్చినవాడు కంటికి కనబడని నూనె విషయములో ఎక్కువ శ్రద్ధ చూపెనని నమ్ముట కష్టము. ఇందుకే టైర్లను ఎద్దు గిట్టలంటిని.

ఇక మా మేనల్లుని సంగతి. అతడు షెఫీల్డులో కాపురముండి, కొండల కావలనున్న ఆసుపత్రి యొకదానిలో పనిచేయుచున్నాడు. షెఫీల్డు నుండి గ్లాసప్‌నకు పోవు స్నేక్ పాస్ అను కొండదారి అతని నిత్యమార్గము. పేరునకు తగినట్లు పామువలె మెలికలు తిరిగినది. చలికాలమున మంచు పడినప్పుడు తరచుగా మూసివేయుదురు. రెండు సంవత్సరముల క్రిందట ఆశ్వయుజమాసమున అతడు నాకు టెలిఫోను చేసెను. “మామయ్యా, రాత్రి డ్యూటీ ముగించుకొని ఆ దారిలో వచ్చునప్పుడు ప్రాణములు అరచేత పెట్టుకొని వచ్చుచున్నాను. మాఘమాసములో బిడ్డ పుట్టును. నాలుగు చక్రముల బండి కొనదలచినాను. మంచిదొకటి చూచితిని, మూడువందల యేబది గుర్రముల బలమట. మీరు వచ్చి ఒక్కసారి చూడవలెను” అనెను. అతని మాటలో అక్కర సగము, సరదా సగము. సరదా తప్పు కాదు. అయితే ఆ రెండింటికిని చెల్లించు సొమ్ము ఒకటే. అది అతడును భార్యయు మూడేండ్లు కూడబెట్టినది.

నేను చూచుటకు పోకమునుపు కాగితములు చూడుమని చెప్పితిని. ఇంగ్లండులో ఈ సదుపాయము చాల గొప్పది. మూడేండ్లు నిండిన ప్రతి కారునకును ఏటేట ఎం.ఓ.టి. అను పరీక్ష జరుగవలెను. కారు నంబరు తెలిసినచో, ఆ పరీక్షల చరిత్రను ప్రభుత్వమువారి వెబ్‌సైటులో ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. ప్రతి పరీక్షనాడు కారు ఎన్ని మైళ్ళు నడచినదియు అందు వ్రాసియుండును; మీటరును వెనుకకు త్రిప్పినవారు సాధారణముగా ఇచ్చటనే దొరకుదురు. టైర్లు అరిగినవనియు, బ్రేకు డిస్కులు తగ్గినవనియు పరీక్షకులు చేసిన హెచ్చరికలు కూడ అందు కనబడును. ఒకే హెచ్చరిక రెండేండ్లు వరుసగా కనబడినచో, చెప్పినను వినని యజమాని యని తెలియును. పిమ్మట వి5సి అను రిజిస్ట్రేషను పత్రములోని పేరు, చిరునామా అమ్మువానివే యగునో కాదో చూడవలెను. కారుపై తీరని అప్పున్నదేమో, ప్రమాదములో దెబ్బతిని బీమా కంపెనీవారు ఎస్ గాని, ఎన్ గాని తరగతిలో చేర్చి వదలుకొన్న కారేమో కొద్దిపాటి రుసుము చెల్లించి విచారింపవలెను. ఎస్ అనగా కారు ఎముకల గూడే దెబ్బతిన్నదని అర్థము. బీమాకు ఎంత అడుగుదురో కూడ ముందుగనే కనుగొనవలెను. కారు వెల భరింపగలిగి బీమాను భరింపలేని యువకులను నేనెరుగుదును.

కాగితములలో నేను ముఖ్యముగా వెదకుమన్నది సర్వీసు రసీదులు. సర్వీసు పుస్తకములోని ముద్ర చాలదు. ఏమి చేసిరో రసీదు చెప్పును. గోల్ఫ్ ఆర్, ఎస్ 3 జాతి కార్లలో కప్లింగు నూనెను మూడేండ్లకొకసారి మార్చుట వాడుక. 2013 తరువాతి ఏడవ తరపు గోల్ఫ్‌లో నున్న అయిదవ తరపు కప్లింగునకు మునుపటివలె మార్చదగిన ఫిల్టరు లేదు. పంపు మొగముననున్న సన్నని జల్లెడలో మడ్డి చేరి, పంపు ఊపిరాడక చెడును. నూనె మాత్రము మార్చి, పంపును విప్పి జల్లెడను కడుగనిచో పని సగమే యైనట్లు. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుపెట్టె గల కారైనచో దాని నూనె సంగతియు అడుగవలెను. నూనెలో మునిగియుండు ఆరు గేర్ల పెట్టెకు 40,000 మైళ్ళకొకసారి మార్చవలెను. ఆరవ తరపు గోల్ఫ్ ఆర్ ఇంజనులో టైమింగు బెల్టు ఉండును. అది తెగినచో ఇంజనే పోవును గావున ఎప్పుడు మార్చిరో తెలియవలెను. ఏడవ తరములో బెల్టునకు బదులు గొలుసు వచ్చినది. దానిలో నీటిపంపు వద్ద కారుటను గమనింపవలెను.

ఈ విచారణలు ముగించి ఒక శనివారము మధ్యాహ్నము మా మేనల్లుడు మెచ్చిన కారును చూడబోతిమి. నిజముగా సొగసైన బండి. మా మేనల్లుడు దాని చుట్టును పెండ్లికుమార్తె చుట్టును తిరిగినట్లు తిరిగెను. నేను వంగి టైర్లు చూచితిని. నాలుగింటికి మూడు కంపెనీల పేర్లున్నవి. బోనెట్‌పై చేయి యుంచితిని; వెచ్చగా నుండెను. ఉదయము నుండి కదల్పలేదని అమ్మువాడు చెప్పియుండెను. పాత కారును చూడబోవునప్పుడు ఇంజను చల్లగా నుంచుమని ముందుగా చెప్పవలెను. ఏలయన, జబ్బుపడిన ఇంజను తన గుట్టును మొదటి నిమిషములోనే బయటపెట్టును. గొలుసు గలగలయు, తెల్లని పొగయు, తడబాటును అప్పుడే తెలియును. ముందుగా వెచ్చచేసి యుంచినవాడు మన కొరకే వెచ్చచేసెనని అనుకొనరాదు.

తెల్లని పొగ మాట వచ్చినది గావున ఫోకస్ ఆర్ఎస్‌ను గూర్చి ఒక సంగతి చెప్పవలెను. ఆ కార్లలో కొన్నింటికి తగని హెడ్ గ్యాస్కెటు అమర్పబడుటచే ఇంజనును చల్లబరచు నీరు సిలిండర్లలోనికి చేరి, చల్లని ఇంజను తెల్లని పొగ వెడలించెడిది. ఫోర్డ్ సంస్థయే 2018లో వానిని ఉచితముగా సరిచేయు ఏర్పాటు గావించెను. కావున అట్టి కారును కొనువాడు, ఆ పని జరిగినట్లు కాగితము అడిగి చూడవలెను. కాగితమున్నచో అది భయపడవలసిన కారు కాదు.

మేము చూచిన కారులో మరియొక లోపమును కలదు. ఇంజనును నడుపు కంప్యూటరులోని లెక్కలను మార్చి బలమును పెంచుట ఈ కార్ల యజమానులలో పెద్ద వేడుక. అందువలన క్లచ్‌పైనను, గేరుపెట్టెపైనను, కప్లింగుపైనను తయారుచేసినవారు తలపెట్టని భారము పడును. ఈ మార్పును బీమా కంపెనీకి తెలుపవలెను. తెలుపనిచో ప్రమాదము జరిగిననాడు వారు పరిహారమును నిరాకరింపవచ్చును. అమ్ముటకు ముందు పాత లెక్కలనే తిరిగి ఎక్కించి ఏమియు ఎరుగనట్లుండువారు కలరు. గాలిగొట్టముల బిగింపులపై పానాల గీతలు, సరిక్రొత్త పొగగొట్టము, వీనిని గూర్చి అడిగినప్పుడు తడబడు సమాధానము, ఇవియే ఆనవాళ్ళు. ఈ మూడును అచ్చట కనబడినవి. పైన పటారము, లోన లొటారము. “నాయనా, పోదము” అంటిని. మా మేనల్లుడు మారుమాటాడక నా వెంట వచ్చెను గాని, తిరుగుదారిలో అరగంట సేపు నాతో మాటలాడలేదు. పిమ్మట, “టైర్లు మార్చుకొనవచ్చును గదా మామయ్యా, దానికై అంత మంచి బండిని వదలుకొందుమా?” అనెను. అప్పుడు నేను మా అమ్మను చూడలేకపోయిన వేసవిని గూర్చి అతనికి మొదటిసారిగా చెప్పితిని. అతడు తరువాత ఆ కారు మాట ఎత్తలేదు.

ఆ రాత్రి మేమిద్దరమును కూర్చుండి, ఏ కారు ఎవరికి తగునో ఆలోచించితిమి. లాంచియా ఇంటెగ్రాలే నేడు ముప్పదేండ్లు దాటిన వృద్ధురాలు. తుప్పుతో పోరాడుటకు ఓపికయు, ధనమును గలవారు ముచ్చటగా పెంచుకొనవలసినది గాని ఆసుపత్రికి పోవు బండి కాదు. ఫోకస్ ఆర్ఎస్ నడుపుట యందే ఆనందము గలవారికి తగినది. దాని నడక బిరుసు. గేర్లు చేతితోనే మార్చవలెను. మెర్సిడెస్ ఎ 45 2013లో వచ్చినప్పుడే 360 అశ్వశక్తులు గలది. అంతటి బలమును రెండు లీటర్ల ఇంజను నుండి పిండుటచే సర్వీసు విషయములో ఏమరుపాటు పనికిరాదు. 2020లో వచ్చిన జీఆర్ యారిస్ తేలికైనది, చురుకైనది. ర్యాలీ కొరకే పుట్టినది. కాని పక్కకు రెండే తలుపులు, వెనుక స్థలము ఇరుకు. చంటిబిడ్డ ఆసనమును లోపలికి దూర్చి బిగించుటకు తల్లి నడుము విరుగును. గోల్ఫ్ ఆర్ అయిదు తలుపులు గలది. సుమారు 300 అశ్వశక్తులున్నను సాధువువలె నడచును. వీనిలో ఉత్తమమైనదేదియని అడుగుట కంటె, మన యింటి పనికి తగినదేదియని అడుగుట మేలు.

మూడు వారములు వెదకగా ఏడవ తరపు గోల్ఫ్ ఆర్ ఒకటి దొరికినది. బూడిదరంగు, మైళ్ళు ఎక్కువ, ఒక తలుపునకు చిన్న సొట్ట. దాని యజమాని నడివయస్కుడు. రసీదులన్నియు తేదీల వరుసలో ఒక అట్టపెట్టెలో పెట్టి మాకిచ్చెను. కప్లింగు నూనె రెండుసార్లు మారినది. రెండవమారు జల్లెడను కడిగినట్లు వ్రాసియుండెను. టైర్లు నాలుగును ఒకే రకమువి. నేను లోతుగజముతో కొలిచితిని; ఒకదానికొకటి అర మిల్లీమీటరు కంటె ఎక్కువ తేడా లేదు. ఇంజను చల్లగా నుండెను.

నడిపి చూచుటకు కూడ ఒక క్రమము కలదు. మొదట ఖాళీ స్థలమున స్టీరింగును పూర్తిగా ఒకవైపునకు త్రిప్పి మెల్లగా సున్న చుట్టవలెను. వెనుకభాగము పట్టినట్లును, కుదిపినట్లును ఉన్నచో కప్లింగు గాని, వెనుక ఇరుసు గాని అనుమానింపదగినది. తరువాత, ఎవరును లేని తడినేలపై నిలిచిన కారును కొంచెము గట్టిగా బయలుదేరదీయవలెను. ముందు చక్రములు చాలసేపు గిరగిర తిరిగి పిమ్మట కదలినచో వెనుక చక్రములు పనికి రాలేదన్నమాట. పై గేరులో మెల్లగా పోవుచు ఒక్కసారిగా త్రొక్కినప్పుడు, వేగము పెరుగక ఇంజను శబ్దము మాత్రమే పెరిగినచో క్లచ్ జారుచున్నది. బ్రేకు త్రొక్కినప్పుడు స్టీరింగు వణకరాదు. హెచ్చరిక దీపములు మొదట వెలిగి, పిమ్మట ఆరిపోవలెను. అసలు వెలుగనే వెలుగకున్నను అనుమానమే. ఈ పరీక్షలన్నింటిలోను ఆ గోల్ఫ్ నెగ్గెను. మా మేనల్లుడు దానిని కొనెను. సొగసైన మొదటి కారుకంటె వెల తక్కువ. మిగిలిన సొమ్ములో ఒక భాగముతో నాలుగు చలికాలపు టైర్లు కొనిపించితిని. వాతావరణము సుమారు 7 డిగ్రీలకు దిగినప్పుడు వేసవి టైర్ల రబ్బరు గట్టిపడి పట్టు తగ్గును గావున, ఆ కొండదారికి మూడువందల అశ్వశక్తుల కంటె ఆ నాలుగు టైర్లే ముఖ్యము. రెండవ భాగమును మరమ్మతులకై ముట్టక యుంచుమంటిని. ఎంత మంచి కారైనను పాతది పాతదే.

మేము కొన్నది యజమాని వద్ద. అట్లు కొన్నప్పుడు, అతడు చెప్పిన వర్ణనకు సరిపోవలెనన్న హక్కు తప్ప తక్కిన హక్కులు స్వల్పము. వ్యాపారి వద్ద కొన్నచో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టమును బట్టి, కారు లోపముగలదైనప్పుడు మొదటి 30 దినములలో తిరిగి ఇచ్చివేయు హక్కు కలదు. పరీక్షించు నేర్పు లేనివారు కొంత వెల ఎక్కువైనను వ్యాపారి వద్దనే కొనుట క్షేమము. లేదా రుసుమిచ్చి తెలిసిన మెకానిక్కును వెంట తీసికొనిపోవలెను.

మాఘమాసమున మేనల్లునికి ఆడపిల్ల పుట్టినది. ఆ వారములోనే పెద్ద మంచు పడినది. ఒక తెల్లవారుజామున అతడు టెలిఫోను చేసెను. ఆసుపత్రి నుండి బయలుదేరి కొండదారి మొదటికి వచ్చి, రోడ్డుపై మంచు గడ్డకట్టుట చూచి, వెనుకకు తిరిగి చుట్టుదారిన ఇంటికి చేరెనట. “కారు ఎక్కగలదు మామయ్యా, అది నాకు తెలియును. దిగునప్పుడు ఆగవలెను గదా!” అనెను. ఆ మాట విని నేను ఎంత సంతోషించితినో చెప్పజాలను.

వాడిన వేగపుకారును కొనదలచిన శ్రోతలు నా మాటలలో తక్కినవి మరచినను మూడింటిని మరువకుందురు గాక. నాలుగు టైర్లును ఒక్కతీరుననున్నవో లేవో చూడుడు. కప్లింగు నూనె మార్చిన రసీదును అడుగుడు. చల్లని ఇంజనును మీరే మొదటిసారి నడిపింపుడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను నమస్కారము చేసి తిరిగి రండు. అంగడిలో కార్లకు కొరత లేదు.